గంజి నూలు, పాలపిట్ట రెక్క

పిట్టను నింపే పనిలో అసలు పరీక్ష రెక్క దగ్గర మొదలవుతుంది. ఒంటిదేముంది, కొబ్బరి పీచును గట్టిగా చుట్టి, దారం బిగించి, తీసేసిన ఒళ్లు ఎంత ఉండేదో అంతే ముద్ద చేసి లోపల పెడితే సరిపోతుంది. కడుపు మీది కుట్లు ఈకల కింద కనబడవు. మూసిన రెక్కలో కూడా వంద తప్పులు దాచేయవచ్చు. విప్పిన రెక్క మాత్రం ఒక్క తప్పును కూడా దాచదు. ఈ మాట నాకెవరూ చెప్పలేదు, చెడగొట్టి తెలుసుకున్నాను.

వరంగల్‌లో ఒక డిగ్రీ కాలేజీలో, జువాలజీ వాళ్ల మ్యూజియంలో అటెండర్‌ను. మ్యూజియం అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, నాలుగు అద్దాల అల్మారాలు, సీసాల్లో తెల్లబడిపోయిన పాములు, ఒక కన్ను ఊడిన ముంగిస. నాకంటే ముందు ఆ గదిని చూసుకున్న పెద్దాయన రిటైరయ్యే ముందు రెండేళ్లపాటు నాకు ఈ పని నేర్పాడు. బజారు నుంచి కోళ్లు, పావురాలు తెచ్చి ఇద్దరం ఒలిచేవాళ్లం, నింపేవాళ్లం. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు మా అమ్మ నా గురించి "కాలేజీల పనిచేస్తది" అని మాత్రమే చెప్పేది. అంతకుమించి ఒక్క ముక్క ఎక్కువ చెప్పినా వాళ్లు చాయ్ తాగకుండానే లేచిపోతారని ఆమె భయం. ఆ భయం వట్టిదని నేనూ అనలేను.

మాది కాశిబుగ్గ. మా బాపు మగ్గం మీద తువ్వాళ్లు, దుప్పట్లు నేస్తాడు. నా పని ఆయనకు నచ్చదు, అలాగని మానేయమనీ ఏనాడూ అనలేదు. సాయంత్రం నేను రాగానే వాకిట్లో బకెట్‌తో నీళ్లు, పక్కన సబ్బు సిద్ధంగా ఉండేవి. కాళ్లూ చేతులూ కడుక్కున్నాకే గడప దాటాలి. అదే మా ఇద్దరి మధ్య ఒప్పందం.

ఈ సంగతి జరిగిన ఏడాదికి ముందటి ఏడు, రెక్కలు విప్పిన పావురాన్ని ఒకదాన్ని చేశాను. నెల తిరక్కముందే దాని ఎడమ రెక్క వేలాడిపోయింది. అదీ ఎవరో పెద్దలు గది చూడడానికి వచ్చిన రోజునే. ఎగరబోతున్న పావురం కాస్తా బస్సు ఆపుతున్నదానిలా తయారైంది. వాళ్లు నవ్వారు. మా విభాగం మేడమ్ నవ్వలేదు. ఆ గదిని కంప్యూటర్ ల్యాబ్‌కు ఇచ్చేయమని అప్పటికే ఆమెను అడుగుతున్నారు.

అలాంటప్పుడు వచ్చింది పాలపిట్ట.

నర్సంపేట రోడ్డు మీద బండి తగిలి చచ్చిపోయిందట. అటవీ శాఖలో మేడమ్‌కు తెలిసిన ఆఫీసర్ ఒకాయన దాన్ని మంచు ముక్కలతో సహా థర్మాకోల్ డబ్బాలో పెట్టి, అనుమతి కాగితంతోపాటు పంపించాడు. పిల్లలకు చూపించడానికి మాత్రమే వాడాలి, చెడిపోతే తిరిగి అప్పగించాలి అని ఆ కాగితంలో ఉంది. దసరా సెలవులయ్యాక వచ్చి చూస్తానని ఆయన చెప్పాడు. రాష్ట్ర పక్షి కదా, బజారుకు పోయి ఇంకొకటి తెచ్చుకునేది కాదు.

మేడమ్ డబ్బా మూత తీసి చూసి, మళ్లీ పెట్టేసింది. "రెక్కలు విప్పే చేయాలమ్మా. మూస్తే దాన్ని ఎవరూ గుర్తుపట్టరు. ఇది కుదిరితే ఈ గది మనకుంటది. కుదరకపోతే ఇంక నేను ఎవరినీ అడగలేను" అంది. గది పోతే నా కొలువూ పోతుందని ఆమె అనలేదు. నాకు తెలియదా!

మేడమ్ అన్నది నిజమే. పాలపిట్ట కూర్చుని ఉంటే మట్టిరంగు పిట్ట, అంతే. ఎగిరినప్పుడే దాని సంగతి తెలుస్తుంది. రెక్కలో ఒక పట్టె ముదురు నీలం, దాని పక్కనే ఇంకో పట్టె లేత నీలం. మావైపు దసరా నాడు ఊరి బయటికి పోయి ఈ పిట్టను చూసి రావాలి, చూస్తే ఆ ఏడంతా మంచి జరుగుతుందని నమ్మకం. మా బాపుకు ఈ పట్టింపు మరీ ఎక్కువ. కొత్త బట్టలు కట్టుకుని, మమ్మల్ని వెంటేసుకుని, చేల గట్ల మీద కరెంటు తీగల వంక చూస్తూ నిలబడతాడు. కనబడగానే రెండు చేతులూ జోడిస్తాడు. ఒక ఏడు వాన పడి పోలేకపోయాం, ఆ ఏడే మా నాయనమ్మ పోయింది. ఆ రెండింటినీ ఆయన ఈనాటికీ విడదీసి చూడడు.

అలాంటి మనిషికి, పండుగ ఇంకా రెండు వారాలు ఉందనగా, చచ్చిన పాలపిట్ట నా బల్ల మీద ఉందని ఎలా చెప్పను? చెప్పలేదు.

మూడు రోజులు పట్టింది ఒలవడానికి. పాలపిట్ట తోలు ఉల్లిపొర కంటే కాస్త మందం, అంతే. ఫ్యాన్ వేస్తే ఈకలు ఎగిరిపోతాయి. వేయకపోతే చెమట చుక్క తోలు మీద పడుతుంది. తలకు తువ్వాలు కట్టుకుని చేశాను. రెక్కలను లోపలి నుంచి ఒలిచి తిరగేయకూడదు. పెద్ద ఈకల మొదళ్లు ముంజేతి ఎముకను పట్టుకుని ఉంటాయి. అక్కడ నుంచి ఊడదీస్తే మళ్లీ వరుస కుదరదు. అందుకని రెక్కను వెల్లకిలా వేసి, అడుగున ఈకలను తడిదూదితో పక్కలకు ఒత్తి, ముంజేతి పొడవునా సన్నగా కోయాలి. ఆ చీలికలోంచి రెండు ఎముకల నడుమ ఉన్న కండను పట్టకారుతో పోగులు పోగులుగా లాగేయాలి. కొంచెం మిగిలినా కుళ్లుతుంది, ఎక్కువ గీకితే తోలు చిరుగుతుంది. ఆ తర్వాత వెలిగారం పొడి లోపలంతా అద్దాలి. చిన్నపిల్లల నోరు పూస్తే అద్దే వెలిగారమే, పురుగు పట్టకుండా కాపాడేదీ అదే.

ఆపైన తీగ. రెండు కొనలూ సూదిగా అరగదీసిన ఇనుప తీగను ఎముకల వెంట అరచేతి దాకా పోనిచ్చి, దారంతో ఎముకకు కట్టాలి. రెక్క బరువంతా ఆ కట్ల మీదే నిలుస్తుంది. పోయిన ఏడు పావురం నవ్వులపాలు చేసింది ఇక్కడే. కాలేజీలో ఉన్న నైలాన్ దారం నున్నటి ఎముక మీద జారింది, కట్టు వదులైంది, రెక్క వాలింది. ఈసారి ఆ దారాన్ని ముట్టుకోనని ముందే ఒట్టు పెట్టుకున్నాను.

ఇంటికి పోయి బాపును పడుగు నూలు అడిగాను. మగ్గం మీద నిలువునా సాగే పోగులే పడుగు. పోగు తెగకుండా, పీచు లేవకుండా దానికి గంజి పట్టించి ఆరబెడతారు. ముట్టుకుంటే గరుకుగా, ముడి వేస్తే వదలకుండా ఉంటుంది. మా ఇంట్లో గుండీ ఊడినా, చేట అంచు తెగినా, పూలమాల కట్టాలన్నా ఆ నూలే.

"దేనికి బిడ్డా?" అన్నాడు బాపు.

పావురానికి అన్నాను. నా కాలేజీ పనికి ఆయనను ఏదైనా అడగడం అదే మొదటిసారి. మొహం వెలిగింది. ఉన్నవాటిలో సన్నటి నూలు ఏరి, కండెకు చుట్టి ఇచ్చాడు. అంత సంబరంగా ఇస్తుంటే నాలోపల ఎక్కడో గుచ్చుకుంది. అయినా నోరు విప్పలేదు.

ఒక్కో రెక్కకు ఆరు కట్లు, రెండింటికీ కలిపి పన్నెండు. దండచేతికి రెండు, ముంజేతికి మూడు, అరచేతికి ఒకటి. ఇంట్లో తెగిన పోగును అతికేటప్పుడు వేసే ముడే వేశాను. పోగు కొన ఎక్కడ పీచు లేచినా, చిన్నప్పటి నుంచి చేసినట్టే చేశాను. అన్నం డబ్బాలో మిగిలిన గంజిలో వేలు ముంచి, కొనను నలిపి, ముడి మీద ఒక అద్దు అద్దాను. ఆలోచించి చేసిన పని కాదది. అటూ ఇటూ చూసుకోకుండా ముక్కు తుడుచుకున్నట్టు చేసేశాను.

చీలికలు కుట్టి, పిట్టను కొయ్య మీద నిలిపి, రెక్కలు విప్పాను. ఒక్కొక్క ఈకనూ వరుసలో సర్ది, పైనా కిందా అట్టముక్కలు పెట్టి గుండుసూదులతో బిగించాను. ఆరేదాకా ఈకలు కదలకుండా ఆ అట్టలే పట్టుకుంటాయి. వెనక్కి జరిగి చూశాను. కట్లు ఇసుమంత కూడా జారలేదు. నీలం పట్టెలు గదిలోకి ఎండ వచ్చినట్టు కనబడ్డాయి. నన్ను నేనే మెచ్చుకున్నాను, దాచేదేముంది. మేడమ్ వచ్చి చూసి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది.

మరునాడే బతుకమ్మ సెలవులు మొదలయ్యాయి. కాలేజీ ఖాళీ. రోజూ పొద్దున పోయి, వాచ్‌మన్ అన్న దగ్గర తాళంచెవి తీసుకుని, పిట్టను చూసుకుని వచ్చేదాన్ని.

నాలుగో రోజు తలుపు తీయగానే పుల్లటి వాసన వచ్చింది. గంజి పులిసిన వాసన.

ఇక్కడే నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. ఇంకెవరైనా అయితే ఆ వాసనకు అప్పుడే ఉలిక్కిపడేవాళ్లు. నేను పుట్టింది ఆ వాసనలో, అన్నం తిన్నది ఆ వాసనలో. నా ముక్కుకు అది వాసనే కాదు, ఇల్లు. కిటికీ తెరిచి, ఈకల మీద దుమ్ము ఊది, ప్రాణానికి హాయిగా కూడా అనిపించి, తాళం వేసి వచ్చేశాను. ఐదో రోజూ అంతే.

ఆరో రోజు చీమలు.

బల్ల కాలు వెంబడి ఎక్కి, కొయ్య దాటి, పిట్ట కడుపు మీదుగా ఎడమ రెక్క కిందికి వరుస కట్టాయి. అక్కడ కుట్టు సందులోంచి లోపలికి పోతున్నాయి, తెల్లటి రవ్వంత ముక్కతో బయటికి వస్తున్నాయి. వంగి చూశాను. కుట్టు పక్కన తోలు మీద బూజు, బియ్యపు గింజంత. అప్పుడు గానీ ఆ వాసన ఏమిటో నా బుర్రకెక్కలేదు. తోలుకు వెలిగారం పెట్టాను, ఎముకకు పెట్టాను, పీచుకు పెట్టాను. నూలుకు పెట్టలేదు. పెట్టకపోగా గంజి అద్దాను. నా చేతులారా లోపల బువ్వ పెట్టి, కుట్టు వేసి మూశాను.

ముందు బల్ల నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాను. కుంచెతో చీమలను దులిపాను. అట్టలు విప్పి, కుట్లు తీసి, చీలిక మీద తడిదూది పరిచాను. ఆరి బిగుసుకున్న తోలు మెత్తబడితే తప్ప లోపలి ముడి చేతికి రాదు. మెత్తబడిన తోలు ఎక్కువసేపు అలాగే ఉంటే ఈకలు మొదళ్లతో ఊడిపోతాయి. రెండింటి మధ్య నాకున్నది ఒక మధ్యాహ్నం. సాయంత్రంలోగా పన్నెండు ముడులూ విప్పి, బూజు కడిగి, మళ్లీ కట్టి, రెక్కలు విప్పి బిగించాలి.

మొదటి ముడితోనే ముప్పావుగంట పెనుగులాడాను, వదల్లేదు. గంజి ఎండి ముడి రాయి అయిపోయింది. కత్తెర మొనతో కోయబోతే మోచేతి దగ్గర తోలు చిరిగింది, నువ్వుగింజంత. ఇంకో నువ్వుగింజ జరిగితే ఎముక విరిగేది. కత్తెర కింద పెట్టి ఏడ్చాను. ఏడుస్తూ కూడా తడిదూది ఆరిపోతోందా అని చూసుకుంటూనే ఉన్నాను.

గంజి ముడిని తెగకుండా విప్పగల చేతులు నాకు తెలిసి ఒక్కటే జత. ఫోన్ చేశాను. బాపు ఎత్తాడు.

కాలేజీకి రమ్మన్నాను. ఎందుకని అడిగితే వచ్చాక చెప్తానన్నాను. ఆటోలో అరగంటలో వచ్చాడు, భుజం మీద తువ్వాలుతో, మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చినట్టే. నా ఉద్యోగమైన ఇన్నేళ్లలో ఆయన ఆ గేటు దాటడం అదే మొదలు. గది గుమ్మం దగ్గర చెప్పులు విప్పాడు. నేను బల్లకు అడ్డంగా నిలబడి, నూలు సంగతి, గంజి సంగతి, చీమల సంగతి గబగబా చెప్పాను. నా భుజం పక్క నుంచి నీలం పట్టె కనబడే ఉంటుంది.

"ఏం పిట్ట అది?" అన్నాడు.

"పాలపిట్ట, బాపూ."

మొహం తిప్పుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. స్తంభానికి చెయ్యి ఆనించి, నాకు వీపు చేసి నిలబడ్డాడు. పండుగకు మూడు రోజులు ఉంది. ఏ పిట్ట బతికి ఎగురుతుంటే చూడాలని ఏటా తపిస్తాడో, దాన్ని కడుపు కోసి నిలబెట్టి చూపించింది కూతురు, పైగా పావురమని అబద్ధమాడి. ఆయన వెళ్లిపోయినా న్యాయమే. కానీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, భయపడినప్పుడు మరీను. వరండాలోకి పోయి నోటికొచ్చింది అనేశాను. "పో బాపూ, పో. నీ పండుగనే నీకెక్కువ. నీ గంజే తిన్నది నా పిట్టను" అన్నాను.

అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాను. అడిగింది నేను, అద్దింది నేను, దాచింది నేను. ఆ నూలును ఎంత సంబరంగా చుట్టి ఇచ్చాడో నాకు తెలుసు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గే.

బాపు మెల్లగా తిరిగాడు. "నాతోని అబద్ధం ఎందుకాడినవ్ బిడ్డా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఇంకా కుంగదీసింది. "నీ పండుగ ఖరాబైతదని" అన్నాను. కాసేపు తన చేతివేళ్లు చూసుకున్నాడు. "సచ్చినదాన్ని నేను చూడ. కండ్లు మూసుకుంట. నువ్వు నా యేలు పట్టుకొని ముడి కాడ పెట్టు, నేను విప్పుత" అన్నాడు.

కుర్చీ వేశాను. కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చూపుడువేలు పట్టుకుని మొదటి కట్టు మీద పెట్టాను. ఆ వేలి కొన ముడి మీద రెండు మూడు సార్లు తిరిగింది. ఉమ్మి తడి చేశాడు, వద్దని నేను అనేలోపే. గోటితో ఎక్కడో నొక్కాడు, సూది అడిగాడు, ముడిలోకి దూర్చి ఒక్క తిప్పు తిప్పాడు. నూలు వదిలింది. తెగలేదు, చుట్టలు చుట్టలుగా విడివడి నా పట్టకారుకు వచ్చింది.

రెండోది, మూడోది. నేను వేలు పెడతాను, ఆయన విప్పుతాడు, నేను నూలు లాగేసి వెలిగారం నీళ్లతో తుడుస్తాను. ఇద్దరమూ ఊపిరి పీల్చడం కూడా చూసుకుని పీల్చాం. బయట ఎవరో పిల్లలు బతుకమ్మకు తంగేడు పూలు కోస్తూ అరుచుకుంటున్నారు. ఐదో ముడి దగ్గర ఆయన వేలు ఆగింది. "గిది నువ్వేసిన ముడి కాదు, కోపమేసిన ముడి" అన్నాడు. ఆ పూట మేమిద్దరం నవ్వింది అప్పుడొక్కసారే.

ఎనిమిదో ముడి కుడి ముంజేతి మీద, సరిగ్గా పెద్ద ఈకల మొదళ్ల నడుమ ఉంది. సూది దూర్చి తిప్పాడు. ముడి వదిలింది, దాంతోపాటు ఒక ఈక జారి ఆయన ఒళ్లో పడింది. ముదురు నీలం, లేత నీలం, రెండూ ఉన్న ఈక. బరువుందో లేదో కూడా తెలియని వస్తువు, అయినా పంచె మీద పడగానే ఆయనకు తెలిసిపోయింది.

"ఊడిందా?" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

లేదు అందామని నోటిదాకా వచ్చింది. "ఊడింది బాపూ, ఒకటి" అన్నాను. ఆయన చెయ్యి బల్ల మీద వాలిపోయింది. ఇక చేయడేమో అనుకున్నాను. నేను ఈకను తీసి కాగితంలో చుట్టి, అతికించవచ్చు, దాని గుంట చెడలేదు అని చెప్పాను. అబద్ధం కాదుగా అన్నట్టు మొహం నావైపు తిప్పాడు. కాదన్నాను. మళ్లీ వేలు చాపాడు.

పన్నెండూ వదిలేసరికి మూడు దాటింది. తిరిగి కట్టాలి. నైలాన్ జారుతుంది, మా నూలు పులుస్తుంది. ఏం చేయాలో తోచక నేను గోడకు ఆనుకుంటే, బాపు కండెలో మిగిలిన నూలును అడిగాడు. పొయ్యి ఉందా అన్నాడు. ల్యాబ్ స్టవ్ మీద నీళ్లు మరిగించి, నూలును అందులో వేసి, పుల్లతో కలిపి, పిండి, మళ్లీ వేశాడు. నాలుగుసార్లు నీళ్లు మార్చాడు. ఆ పని మాత్రం కళ్లు తెరిచే చేశాడు, బల్లకు వీపు పెట్టి. ఆఖరి పోగు నాలుకకు తాకించి, గంజి పోయింది అన్నాడు. వెలిగారం నీళ్లలో ముంచి కిటికీ ఊచలకు ఆరేశాడు. "పుట్టినకాంచి నూలుకు గంజి పెట్టుడే, కడుగుడు ఇయ్యాల్నే" అని తనలో తనే అనుకున్నాడు.

గంజి పోయినా అది నూలే, ఎముకను పట్టుకుంది. ముడులు నేనే వేశాను. ఒక్కొక్కటి వేసి ఆయన వేలు దాని మీద పెట్టేదాన్ని, కళ్లు మూసుకుని నొక్కి చూసి తల ఊపేవాడు. రెండింటిని విప్పి మళ్లీ వేయమన్నాడు. ఊడిన ఈకను జిగురుతో గుంటలో నిలబెట్టాను. అట్టలు బిగించేసరికి గదిలో వెలుతురు తగ్గింది. ఆయన అప్పుడు కూడా అటు చూడలేదు. చేతులు సబ్బుతో కడుక్కుని, చెప్పులు వేసుకుని, వాచ్‌మన్ అన్నతో ఏదో మాట్లాడుతూ గేటు దగ్గర నా కోసం నిలబడ్డాడు. ఆ సాయంత్రం మా వాకిట్లో బకెట్ పక్కన రెండు చెంబులు ఉన్నాయి.

కాలేజీ తెరిచాక జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆఫీసర్ వచ్చాడు, చూశాడు, ఫొటో తీసుకున్నాడు. మేడమ్ నవ్వింది. గది మాకే ఉంది, నేనూ ఉన్నాను. పిట్ట రెక్క ఇప్పటికీ వాలలేదు.

కానీ నాకు మనసులో నిలిచింది దసరా నాటి సాయంత్రం. అందరం ఎప్పటిలాగే నర్సంపేట రోడ్డు పక్క చేలకు పోయాం. కొత్త బట్టల జనం, పత్తి చేలు, పైన ఖాళీ తీగలు. బాపు గట్టు మీద నిలబడ్డాడు. గంట గడిచింది. పక్కన ఎవరో పంజరంలో పాలపిట్టను పెట్టుకుని చూపిస్తుంటే జనం అక్కడ గుమిగూడారు. అమ్మ అదైనా చూద్దామంది. "పట్టి కట్టేసినదాన్ని చూసుడు గూడ ఒక చూసుడేనా" అని బాపు అటు తిరగలేదు. ఈ ఏడు ఆయనకు పిట్ట కనబడకపోతే, ఇంట్లో ఎవరికి ఏ తలనొప్పి వచ్చినా అది నా బల్ల మీది నుంచే వచ్చినట్టు. ఆయన అనడు, నేనే అనుకుంటాను, బతికినన్నాళ్లూ.

పొద్దు వాలింది. జమ్మి ఆకు తెచ్చుకుని అందరూ మళ్లుతున్నారు. బాపు నా పక్కకు వచ్చాడు.

"తాళంచెవి ఉన్నదా?"

మా ఇద్దరినీ కాలేజీ దగ్గర దింపి, ఆటోలో అమ్మావాళ్లు ఇంటికి పోయారు. గది తలుపు తీశాను. చీమ లేదు, వాసన లేదు. లైటు వేసి పక్కకు తప్పుకున్నాను. బాపు చెప్పులు విప్పి లోపలికి వచ్చి, ఈసారి కళ్లు తెరిచి, బల్ల ముందు నిలబడ్డాడు. అట్టల సందుల్లోంచి కనబడే నీలాన్ని ఈ కొన నుంచి ఆ కొన దాకా చూశాడు. ఎన్నేళ్లుగానో చూస్తున్న పిట్టే, అయితే ఎప్పుడూ దూరం నుంచి, రెండు క్షణాలు. కుడి రెక్క దగ్గర వంగాడు. అతికించిన ఈకను నేను చూపించలేదు. ఆయన వేలు గాలిలోనే దాని ఎదురుగా ఆగింది. "నా చేతుల ఊడింది గిదే గదా" అన్నాడు. అవునన్నాను.

ఏటా చేను గట్టు మీద చేసినట్టే రెండు చేతులూ జోడించాడు.

తర్వాత జేబులోంచి జమ్మి ఆకు తీశాడు. మావైపు దసరా నాడు జమ్మిని బంగారమంటాం. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన చేతిలో పెడుతున్నది నేనే, మొక్కుతున్నదీ నేనే. ఆ సాయంత్రం బాపు నా అరచెయ్యి తెరిచి, వెలిగారం నీళ్లకు పగిలిన వేళ్ల మీద ఆకు పెట్టి, పిడికిలి మూశాడు.

"పా, అమ్మ చూస్తాంటది" అన్నాడు.

లైటు ఆర్పి తాళం వేశాను. తాళం ఒక చేత్తోనే వేశాను, ఇంకో చెయ్యి తెరవలేదు.